సెలవు పెట్టిన సొరంగం

"ఇరవై ఆరు పాయింట్ నాలుగు," అన్నాడు సంతకం సారు, కళ్ళజోడు సర్దుకుని తెర మీది అంకెని మూడోసారి చదువుతూ. "సొరంగంలో ఎక్కడా ఇంతకంటే వేడి లేదు."

"అక్కడ పొగ వస్తోంది సార్."

"తెర మీద రావట్లేదు కదమ్మా."

ఆ తెరని ఊడబెరికి ఆయన ఒళ్ళో పెట్టాలనిపించింది చిన్నికి. గోడకున్న ఎర్ర ఫోను రిసీవరు ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది. అందులోంచి దగ్గు వినిపిస్తోంది.

పోయినవారం మనం వాళ్ళను వదిలిపెట్టింది ఆ ఫోను మోగిన క్షణాన. అది సొరంగం లోపలినుంచి తప్ప ఇంకెక్కడినుంచీ మోగదు. ఊరి కింద ఎనిమిది వందల మీటర్ల సొరంగం అది. సగం ఊరికి కరెంటు మోసే తొడలావు కేబుళ్ళు దాని గోడల వెంట పోతాయి. మనుషులు దిగడానికి ఒక కొసన మెట్లున్నాయి. రెండో కొస ఇంకా తెరవలేదు, అక్కడ ఉత్త గోడ. పొద్దున ఇద్దరు ఏడో జాయింటు దగ్గర పనికి దిగారు. ఒకడు చిన్ని బావ, సొంత అక్క మొగుడు, పదిహేనేళ్ళుగా కేబుళ్ళు అతికే జాయింటరు. రెండోవాడు అతని సహాయకుడు, ఇంకో నాలుగు నెలల్లో రిటైరు కాబోయే పెద్దాయన. పదకొండున్నరకి ఆరో జాయింటు పొగ కక్కడం మొదలుపెట్టింది. వాళ్ళకీ మెట్లకీ మధ్య ఉన్నది ఆ ఆరో జాయింటే.

కరెంటు ఆపితే జాయింటు చల్లబడుతుంది, వాళ్ళు దాటి వచ్చేస్తారు. ఆపే స్విచ్చు సంతకం సారు చేతికింద ఉంది. సంతకం సారు అసలు ఉద్యోగం షిఫ్ట్ ఇంజినీరు. కుర్చీ కాలు విరిగినా ముగ్గురి సంతకాలు పడితే గాని దాన్ని విరిగిన కుర్చీగా ఒప్పుకోడని ఆ పేరు పెట్టారు.

"ఏమంటున్నాడు మీ సారు?" ఫోనులో బావ గొంతు బొంగురుపోయింది.

"ఇరవై ఆరంటున్నాడు బావా."

"ఇరవై ఆరా! ఇక్కడికొచ్చి నా చొక్కా పిండమను. చిన్నీ, ఆ తెర సంగతి వదిలెయ్. దాన్ని నమ్మొద్దు. ముందు కరెంటు ఆపించు."

"ఎందుకు నమ్మకూడదో ఏదైనా ఒక్క ముక్క చెప్పు. ఈయనకి అదే కావాలి."

"పొగొస్తోందని చెప్తున్నాగా! ఇంకా ఏం చెప్పాలి?"

వెనకనుంచి పెద్దాయన అరిచాడు. "అమ్మా, ఇరవై ఆరంటే మాకు చలేస్తోందని, దుప్పట్లు పంపమని చెప్పు!"

చిన్ని రిసీవరుని బల్ల మీద పెట్టింది. "విన్నారుగా సార్. మనిషి అక్కడ నిలబడి చెప్తున్నాడు. అద్దంలో అంకె ఇక్కడ కూర్చుని చెప్తోంది. ఎవరిని నమ్ముతారు?"

"రూలు ఏముందో చూడు." ఆయన సొరుగులోంచి ప్లాస్టిక్ అట్ట వేసిన కాగితం తీశాడు. ఆ కాగితం ఎప్పుడూ ఆయనకి చేతికందేంత దూరంలోనే ఉంటుంది. "తెర మీద డెబ్భై దాటి, వరుసగా రెండు రీడింగులు అలాగే ఉంటే, షిఫ్ట్ ఇంజినీరు ఎవరినీ అడగకుండా ఆపొచ్చు. లేకపోతే పై ఆఫీసు అనుమతి కావాలి. అడిగాను. మీటింగులో ఉన్నారన్నారు."

"వాళ్ళ మీటింగు అయ్యేసరికి ఇక్కడ మనుషులు..."

"నోటిమాట మీద ఒకసారి ఆపాను." ఆయన గొంతు తగ్గింది. "అప్పుడూ ఫోనే. పొగ, పొగ అని ఎవరో అరిచారు. ఆపాను. పొగ లేదు, ఏమీ లేదు. అవతల లిఫ్టులో ఇరుక్కుని ఒకావిడ... వద్దులే. పదహారేళ్ళు ఎంక్వైరీల చుట్టూ తిరిగాను. మా అమ్మాయి బళ్ళో చేరినప్పుడు మొదలైంది, కాలేజీ అయిపోయాక ముగిసింది."

ఆయన మీద జాలి పడటానికి కూడా ఇప్పుడు టైము లేదన్న సంగతి చిన్నికి ఇంకా చిరాకు తెప్పించింది.

"అయితే తెర తప్పని చూపిస్తాను. గ్రాఫు పేజీ తెరవండి."

"దానికి అర్జీ పెట్టుకోవాలి."

"మూడు వారాల కిందట పెట్టాను సార్. మీ ట్రేలో ఉంది. దాని మీద మీరు టీ కప్పు పెడుతున్నారు. పైన మూడు గుండ్రటి మరకలున్నాయి చూడండి."

సంతకం సారు ట్రే వైపు చూశాడు. మరకలు నాలుగున్నాయి. ఆయన కాగితం లాగి, కింద సంతకం గీకి, తారీఖు వేసి, పాస్‌వర్డు కొట్టాడు.

చిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆఫీసులో ఆమెని ఐసు మేడమ్ అంటారు. నెలకోసారి ఐసు డబ్బా మోసుకొచ్చి యంత్రం పక్కన గాజుతీగ చుట్ట ఒకటి అందులో ముంచి, సున్నా చూపిస్తోందా లేదా అని చూస్తుంది. చూపిస్తే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. ఈ నెలా ముంచింది, సరిగ్గా సున్నా చూపించింది. ఆ చుట్ట తర్వాతే తీగ కిందికి దిగి, సొరంగం పొడవునా కేబుళ్ళని ఆనుకుని పరుచుకుంటుంది. వెంట్రుకంత సన్నటి గాజుపోగు. యంత్రం అందులోకి వెలుగుని తట్టినట్టు పంపుతుంది. దారిపొడవునా ప్రతిచోటా ఆ వెలుగులో రవ్వంత చెదిరి వెనక్కొస్తుంది. చెదిరినదాంట్లో మరీ కాస్త రంగు మార్చుకుని వస్తుంది. అలా మారిన రంగులు రెండు. గాజు వేడెక్కితే ఒకటి బాగా పెరుగుతుంది, రెండోది పెద్దగా మారదు. ఆ రెంటినీ పోల్చి చూస్తే వేడెంతో తెలుస్తుంది. వెలుగు ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూస్తే ఆ వేడి ఎక్కడుందో తెలుస్తుంది. ఒక్క గాజుపోగు ఎనిమిది వందల థర్మామీటర్ల పని చేస్తుంది. తీగ తీగలా ఉంటే దానికి అబద్ధం చెప్పడం రాదు.

అయినా కిందటి నెల చెప్పింది. మూడో జాయింటు మాడిపోయి, తనిఖీకి వెళ్ళిన ఎలక్ట్రీషియనుకి రెండు చేతులూ కాలిన రోజున కూడా ఇరవై ఆరే చూపించింది. దానిమీద కమిటీ కూర్చుంది. యంత్రం చూసే పాత ఇన్‌చార్జిని బదిలీ చేసి ఆ కుర్చీలో చిన్నిని కూర్చోబెట్టారు. యంత్రంలో వేలు పెట్టింది పాత ఇన్‌చార్జా, తీగ అమ్మిన కాంట్రాక్టరా అని ఆరు వారాలుగా అందరూ గుసగుసలాడుకుంటూనే ఉన్నారు. ఒక్కరూ గ్రాఫు తెరవలేదు. పెద్ద తెర మీద ఉండేది ఒక్క అంకె, సొరంగంలో అన్నిటికంటే వేడిచోటు ఎంతుందో చెప్పే అంకె. రోజంతా దాన్నే చూస్తూ గడిపేశారు.

గ్రాఫు వచ్చింది.

సున్నానుంచి ఎనిమిది వందల మీటర్ల దాకా ఒకే గీత. స్కేలు పెట్టి గీసినట్టుంది.

"చూశావా, ఎంత శుభ్రంగా ఉందో," అన్నాడు సంతకం సారు.

"శుభ్రంగా ఉండటమే రోగం సార్! లోపల ఎనిమిది జాయింట్లున్నాయి. ఒక్కోటి ఒక్కో వేడిలో ఉంటుంది. మెట్ల దగ్గర గాలి తగులుతుంది, లోపల తగలదు. గీత గుట్టల్లా మిట్టల్లా ఉండాలి. ఇదేంటి, ఇస్త్రీ చేసినట్టు?"

ఆమె నెలరోజుల లెక్క ముందుకి లాగింది. గీత మొత్తం ఒక్కసారిగా పైకి లేస్తోంది, ఒక్కసారిగా కిందికి దిగుతోంది. పొద్దున్న తొమ్మిదిన్నరకి ముప్ఫై ఒకటినుంచి జారి ఇరవై ఆరుకొస్తోంది. సాయంత్రం ఆరింటికి మళ్ళీ ముప్ఫై ఒకటికి ఎక్కుతోంది. రోజూ అంతే. ఆదివారాలు మాత్రం రోజంతా ముప్ఫై ఒకటి.

చిన్ని వేలు ఆదివారం మీద ఆగిపోయింది.

"సార్, సొరంగానికి ఆదివారం సెలవుంటుందా?"

"అంటే?"

"పొద్దున తొమ్మిదిన్నరకి డ్యూటీ ఎక్కుతోంది. సాయంత్రం ఆరింటికి దిగుతోంది. ఆదివారం రావట్లేదు. ఇది సొరంగం కాదు సార్, గుమాస్తా! ఇదేదో ఏసీ గది. మన తీగ సొరంగంలో లేదు. ఎనిమిది వందల మీటర్లూ చుట్టచుట్టి ఎవరో ఆఫీసు గదిలో పెట్టారు. ఆరు వారాలుగా మనం కాపలా కాస్తున్నది ఒక ఏసీకి."

సంతకం సారు తెర మీదికి వంగాడు. "ఏ గది?"

ఈ భవనంలో ఏసీ గదులు పదకొండున్నాయి. ఒక్కోటీ వెతుక్కుంటూ పోవడానికి వ్యవధి లేదు. బల్ల మీది రిసీవరులో దగ్గులు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. చిన్ని గ్రాఫుని మళ్ళీ వెనక్కి లాగింది. ఆదివారం, ఆదివారం, ఆదివారం... మధ్యలో ఒక గురువారం. పద్నాలుగో తారీఖు. అది సెలవురోజు కాదు, అయినా రోజంతా ముప్ఫై ఒకటే. ఆ రోజు ఆ గది తెరవలేదు.

పద్నాలుగో తారీఖు తను ఎక్కడుందో ఆమెకి వెంటనే గుర్తొచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర, పక్క కుర్చీలో. దవడపన్ను పీకించుకుంటూ తన చెయ్యి నలిపేసింది అక్క.

అక్క ఈ భవనంలోనే రికార్డు రూము గుమాస్తా.

"ఆ ఫోను కిందికి, రికార్డు రూముకి కలపండి!" అని అరిచి పరుగెత్తింది.

రెండంతస్తుల మెట్లు ఆమె కాళ్ళకి తెలియలేదు. రికార్డు రూము తలుపు తోసేసరికి చల్లటి గాలి మొహానికి కొట్టింది. పాత కాగితాలు చెమ్మ పట్టకుండా పొద్దున్నే ఏసీ వేస్తారు. వేసేది అక్కే, ఆపేది అక్కే.

"ఏంటే ఆ పరుగు? పడి పళ్ళు రాలగొట్టుకుంటావా? ఇంట్లో పళ్ళ ఖర్చు నాది చాల్లేదా?" అంది అక్క రిజిస్టరులోంచి తలెత్తకుండానే.

"అక్కా, అతుకుల పెట్టె ఎక్కడుంది? పైనుంచి గాజుతీగ వచ్చి కింద సొరంగం తీగతో కలిసేది ఈ గదిలోనేగా?"

"బీరువా వెనకాల. ఎందుకు?"

చిన్ని ఇనప బీరువాని భుజంతో నెట్టింది. అది కదల్లేదు. ఇంకోసారి నెట్టి, ఈసారి బీరువానీ దాన్ని కొన్నవాణ్ణీ కలిపి తిట్టింది. జానెడు జరిగింది. గోడకి బూడిదరంగు పెట్టె, దాని కింద నేల మీద పెద్ద రేకు డబ్బా, డబ్బా పైన దుమ్ము పట్టిన పాత ఫైళ్ళు. పెట్టెలోంచి పసుప్పచ్చ తీగ ఒకటి డబ్బాలోకి దిగింది.

"అది తియ్యకే!" అక్క కుర్చీలోంచి లేచింది.

"ఏం?"

"కదిపితే పాడవుతుందని... చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

అక్క రిజిస్టరు మూసింది. "అసలు ఏమైందో చెప్పవే. ఎందుకలా ఉన్నావు?"

"బావ సొరంగంలో ఇరుక్కున్నాడు. ఆరో జాయింటు కాలుతోంది. ఈ డబ్బా మాత్రం లోపల చల్లగా ఉందని పైవాళ్ళకి చెప్తోంది."

అక్క చేతిలో కలం అలాగే ఉండిపోయింది.

చిన్ని మూత లాగింది. తెల్లటి చక్రం, దాని మీద మెరుస్తున్న గాజుపోగు. ఎనిమిది వందల మీటర్ల సొరంగం, అన్నం తినే పళ్ళెమంత. అప్పటికే పై ఫోను ఇక్కడికి కలిపారు, స్పీకరు నొక్కింది.

"సార్, దొరికింది! రికార్డు రూములో ఉంది. ఇప్పుడైనా ఆపండి."

"నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నానమ్మా." సంతకం సారు గొంతులో నిజంగానే బాధ ఉంది. "కానీ ఏం రాయను? తీగ దొరికితే ఆపాలని రూల్లో లేదు. వేరే చోట తీగ దొరికితే యంత్రం పాడైనట్టు. యంత్రం పాడైతే పై ఆఫీసు..."

"మీటింగులో ఉన్నారు!"

"మీటింగులో ఉన్నారు."

అదే లైనులో కలిసి పెద్దాయన గొంతు వినిపించింది. "అమ్మా, నేల మీద పడుకున్నాం. కింద గాలి కాస్త నయం. మీ బావ మాట్లాడట్లేదు. తల గోడకి ఆనించుకుని కూర్చున్నాడు."

చిన్ని చుట్టూ చూసింది. ఇంత తెలివితక్కువ ప్రపంచంలో తెలివిగా వాదించి లాభం లేదు. కిటికీ దగ్గర అక్క టీ పెట్టుకునే కరెంటు కెటిల్ ఉంది. మూతలోంచి ఆవిరి వస్తోంది.

"సార్, డెబ్భై దాటి వరుసగా రెండు రీడింగులుంటే మీరు ఎవరినీ అడగక్కర్లేదు కదూ?"

"అక్కర్లేదు."

"తెర చూస్తూ ఉండండి."

"ఏం చేస్తున్నావు?"

"చెప్పమంటారా?"

"ఈ ఫోనులో గరగర ఎక్కువగా ఉందమ్మా," అన్నాడు ఆయన నెమ్మదిగా. "నాకేమీ వినపడట్లేదు."

చిన్ని కెటిల్ ఎత్తి, మరుగుతున్న నీళ్ళు మొత్తం డబ్బాలో కుమ్మరించింది. చక్రం మునిగింది. మూత బిగించి, దాని మీద తన చున్నీ కప్పి, రెండు చేతులతో నొక్కిపట్టింది. యంత్రం ముప్ఫై సెకండ్లకి ఒకసారి లెక్క చెప్తుంది. అక్క గోడ గడియారం చూస్తూ నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, అంకెలు లెక్కపెడుతోందో ఇంకేదైనా అనుకుంటోందో తెలియదు.

పైన అలారం గొణిగింది.

"డెబ్భై తొమ్మిది!" స్పీకరులో సంతకం సారు గొంతు పదేళ్ళు చిన్నదైనట్టుంది. "సొరంగం మొత్తం డెబ్భై తొమ్మిది! ఇంకొకటి కావాలి."

రేకు డబ్బా వేడిని దాచుకునే రకం కాదు. ఏసీ నేరుగా దాని మీదికే కొడుతోంది. "అక్కా, ఆపు దాన్ని!" అక్క వెళ్ళి ఏసీ నొక్కేసింది. వచ్చి తను కూడా రెండు అరచేతులూ డబ్బాకి ఆనించింది. వేలి కొసలు ఎర్రబడ్డాయి, తియ్యలేదు.

ఇరవై సెకండ్లు. ఇరవై ఐదు.

"డెబ్భై ఒకటి," అన్నాడు సంతకం సారు. "డెబ్భై దాటింది. తెర చూపిస్తోంది. నేను తెరనే నమ్ముతాను."

ఎక్కడో గోడల వెనక బరువైనదేదో ధడేలున పడినట్టు శబ్దం వచ్చింది. ఎప్పుడూ వినిపించే సన్నటి రొద ఆగిపోయింది. ఆగాకే తెలిసింది అది ఇన్నాళ్ళూ వినిపిస్తూ ఉందని. సగం ఊరికి కరెంటు పోయింది. పై యంత్రమూ ఫోనులూ మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి.

"ఆగిందమ్మా!" పెద్దాయన అరిచాడు. "ఇక్కడ కేబుళ్ళ గుర్రు ఆగింది!"

"కదలకండి!" చిన్ని కూడా అరిచింది. "జాయింటు వెంటనే చల్లారదు. నేను చెప్పేదాకా దాని దగ్గరికి రావద్దు. పొగలో మీకు కనపడదు, నేను చూసి చెప్తాను."

చూడాలంటే అసలు తీగ కావాలి. అతుకుల పెట్టె తెరిచి చూస్తే, సొరంగం లోపలినుంచి వచ్చిన నిజమైన పోగు ఒక మూలన ముచ్చటగా చుట్టి, కొసకి టేపు వేసి ఉంది. చక్రం పోగు కత్తిరించింది, సొరంగం పోగు కొస తుడిచి, కోసి, పెట్టె కింది అరలో ఉండే అతికే యంత్రంలో రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టింది. చిన్న మెరుపు మెరిసింది. ఇన్నాళ్ళ అబద్ధం నాలుగు నిమిషాల్లో విడిపోయింది.

అక్క బల్ల మీది మడత కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని గ్రాఫు తెరిచింది. ఈసారి గీత బతికున్న గీతలా ఉంది. మెట్ల దగ్గర పల్లం, ఒక్కో జాయింటుకి ఒక్కో గుట్ట. నాలుగు వందల ఎనభై మీటర్ల దగ్గర కొండ నిలబడింది. నూట ముప్ఫై నాలుగు.

"నూట ముప్ఫై నాలుగు," అంది పైకే. "ఇంకో గంట కరెంటు నడిస్తే..."

అక్క చెవులు మూసుకుంది. "అనకే."

నూట ఇరవై ఒకటి. నూట పది. కొండ కరుగుతోంది. ప్రతి అంకెనీ ఫోనులో చెప్తోంది చిన్ని, అటునుంచి పెద్దాయన ఒక్కో అంకెకీ ఒక్కో దండం పెడుతున్నాడు. బావ గొంతు మాత్రం లేదు.

"బావా, వినిపిస్తోందా? ఏదో ఒకటి మాట్లాడు."

"బతికే ఉన్నాను," అన్నాడు బావ. అంతే.

అప్పుడు చూసింది ఆమె గీత రెండో కొసని. ఎనిమిది వందల దాకా పోవాల్సింది ఐదు వందల అరవై దగ్గర తెగిపోయింది. ఆ పైన వెలుగు లేదు, ఉత్త చీకటి. ఐదు వందల అరవై అంటే ఏడో జాయింటు. ఇప్పుడు బావ కూర్చున్నచోటు.

కేబుల్ బిగించేటప్పుడు ఇనప పట్టీ కింద గాజుతీగ పడి నలిగితే ఇలాగే ఉంటుంది. ఎవరో ఏడో జాయింటు బిగించారు. తీగ తెగింది. అప్పుడు సొరంగం అప్పగించే రోజు దగ్గరపడింది. నిజం చెప్తే తీగ మొత్తం మళ్ళీ వెయ్యాలి. చెప్పకుండా ఒక చక్రం తెచ్చి ఇక్కడ అతికితే తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. కొన్నాళ్ళకే అనుకుని ఉంటారు. తర్వాత తెరవడానికి భయం. మూడో జాయింటు దగ్గర మనిషి చేతులు కాలాక ఇంకా భయం.

'దాన్ని నమ్మొద్దు' అన్నాడు బావ. ఎందుకని అడిగితే చెప్పలేదు.

చిన్ని తలెత్తలేదు. తలెత్తితే అక్క మొహం చూడాలి.

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. సంతకం సారు షిఫ్టు వివరాలు రాసే పెద్ద పుస్తకం చంకలో పెట్టుకుని, రొప్పుతూ లోపలికొచ్చాడు. "మీటింగు అయిపోయింది," అన్నాడు. అయిపోకపోతే ఆశ్చర్యంగానీ, వాళ్ళ గదిలోనే కరెంటు పోయింది. "పై ఆఫీసు లైన్లో ఉంది. సగం ఊరు ఎందుకు ఆరిపోయిందో పది నిమిషాల్లో రాసి పంపాలట. కారణం రాశాను, తీగ మార్చారని. ఎవరు మార్చారో గడి ఖాళీగా ఉంది."

"వాళ్ళు ఇంకా బయటికి రాలేదు సార్. ఎనభై తొమ్మిది ఉంది."

"ఆ గడి ఖాళీగా పంపితే వాళ్ళు ఎవరి పేరు నింపుతారో నీకు తెలుసుగా? ఇప్పుడున్న ఇన్‌చార్జి పేరు. నీ పేరు." ఆయన ఈసారి రూలు కాగితం తియ్యలేదు. "డబ్బా మీ అక్క గదిలో దొరికింది. మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళు. నేను నమ్మను. కమిటీ నమ్ముతుంది. ఎలక్ట్రీషియను చేతుల కేసు అది, ఉద్యోగంతో పోదు."

చిన్ని గీత వైపే చూస్తోంది. ఎనభై ఐదు.

"తీగ ఎక్కడ తెగింది?" ఆయన వంగి చూశాడు. "ఐదు వందల అరవై. ఏడో జాయింటు. అది బిగించిందెవరో రిజిస్టరులో ఉంటుంది. అమ్మా, జాయింట్ల రిజిస్టరు ఇలా ఇవ్వండి."

ఆ మాట అక్కతో అన్నాడు. అక్క బల్ల మీద వరుసగా ఉన్న రిజిస్టర్లలోంచి ఒకటి తీసింది. తెరవలేదు. రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నిలబడింది.

"నేనే అని రాయండి సార్," అంది చిన్ని గబుక్కున. "ఇన్‌చార్జిని నేను. ముందు వాళ్ళు బయటికి రానివ్వండి, తర్వాత చూసుకుందాం."

"నోర్ముయ్యవే," అంది అక్క.

గట్టిగా అనలేదు. చిన్నప్పుడు తన తప్పుకి చెల్లెలు దెబ్బలు తినబోతే అన్నట్టు అంది.

"నీకేం తెలుసని నెత్తిన వేసుకుంటావు? వచ్చే ఆదివారం తీసేస్తానన్నారు. ఎనిమిది నెలలైంది. ఎన్ని ఆదివారాలో లెక్కపెట్టుకో. అడిగితే చిన్నదానికి చెప్పకు, కంగారుపడుతుంది అన్నారు. అదేంటో నాకు తెలీదు సార్, మీ ఇష్టం, నమ్మితే నమ్మండి. తీగచుట్ట అనుకున్నాను. దుమ్ము దులిపి దాని మీద ఫైళ్ళు పెట్టాను. ఆ ఎలక్ట్రీషియను ఇంటికి నేను వెళ్ళాను, ఆయన భార్య ఆయనకి అన్నం కలిపి నోట్లో పెడుతోంది. చూసి వచ్చి, మళ్ళీ ఈ కుర్చీలోనే కూర్చున్నాను."

"అక్కా, స్పీకరు..." అంది చిన్ని.

"ఉండనీ. విననీ."

స్పీకరులో దగ్గు ఆగిపోయింది. ఎనభై రెండు. ఆరో జాయింటు ఇంకా వాళ్ళ దారికి అడ్డంగానే ఉంది.

సంతకం సారు కలం మూత తీశాడు. అక్క రిజిస్టరుని తెరవకుండానే బల్ల మీద పెట్టి, ఫోను వైపు తిరిగింది.

"రాసుకోండి సార్. సొరంగం తీగ కోసి, ఈ డబ్బా తెచ్చి ఇక్కడ పెట్టింది ఇంకెవరో కాదు. మా ఆయన."